ఘాట్ ఎక్కుతుంటే పికప్ బలం తగ్గిపోతోంది

ప్రశ్న: మాది పాత డీజిల్ పికప్. లోడుతో ఘాట్ ఎక్కేటప్పుడు ఉన్నట్టుండి లాగదు. పది నిమిషాలు ఆపితే మళ్లీ మామూలే. ఇంజిన్‌కు డీజిల్ అందించే పంపు విప్పాలంటున్నారు మెకానిక్‌లు. నిజమేనా?

జవాబు: పంపు జోలికి అప్పుడే వెళ్లకండి. ఆపితే సర్దుకుంటోందంటే ముందు అనుమానించాల్సింది డీజిల్ సరిగా అందకపోవడాన్నే. ఈసారి బండి ఆపగానే ట్యాంకు మూత తీయండి. సుయ్యిమని గాలి లోపలికి పోయి, వెంటనే బండి లాగితే మూతలోని గాలిరంధ్రం పూడింది, మూత మార్చండి.

అది కాకపోతే డీజిల్ ఫిల్టర్ అడుగు స్క్రూ వదిలి, కారే డీజిల్‌ను గాజు గ్లాసులో పట్టండి. అడుగున నీరు తేరితే తీసేసి, ఫిల్టర్ కొత్తది వేయండి.

అప్పటికీ తగ్గకపోతే ఫిల్టర్‌కూ పంపుకూ మధ్య అడుగు పొడవు పారదర్శక డీజిల్ పైపు బిగించి, పైపులో చేరిన గాలి (ఎయిర్) తీసి, ఇంజిన్ రేజ్ చేయండి. బుడగలు ఆగకుండా వస్తుంటే ట్యాంకు నుంచి వచ్చే పైపులో గానీ క్లిప్పుల్లో గానీ గాలి పీలుస్తోంది. పీల్చే చోట డీజిల్ కారకపోవచ్చు, అందుకే ఇది మెకానిక్‌ల కంట పడదు. బుడగల్లేకపోయినా బండి లాగకపోతే ట్యాంకులోని జాలీ (డీజిల్‌ను వడకట్టే వల) కడిగించండి.