ప్లాటు తర్వాత కొందువు గాని, ముందు పాప చదువు సంగతి చూడు

చిన్నా,

భోగాపురం దగ్గర వెంచర్‌లో ప్లాటుకి బయానా ఇవ్వబోతున్నావని, అదంతా పాప కాలేజీ చదువు కోసమేనని మీ అమ్మ ఫోన్‌లో చెప్పింది. మూడేళ్ల పిల్లకి కాలేజీ గురించి ఇప్పుడే ఆలోచిస్తున్నావంటే నాకు ఎంత సంతోషమేసిందో. మన ఇంట్లో ఆడపిల్ల చదువుకని ముందే డబ్బు దాచినవాళ్లు నీకు ముందు ఎవరూ లేరు. నన్ను పదో తరగతితో ఆపేశారు. మార్కులు రాక కాదు, సోంపేటలో గది అద్దెకి చేతిలో డబ్బుల్లేక. ఆ పదో తరగతి సర్టిఫికెట్టు పట్టుకునే పోస్టాఫీసు ఆర్‌డీ (రికరింగ్ డిపాజిట్) ఏజెంటునయ్యాను, ఏళ్ల తరబడి ఇంటింటికీ తిరిగి నెల నెలా కట్టించాను. ఎవరి డబ్బు అవసరానికి అందిందో, ఎవరిది అందలేదో దగ్గరుండి చూసినదాన్ని కాబట్టి ఈ నాలుగు మాటలూ రాస్తున్నాను. విసుక్కోకుండా చివరిదాకా చదువు.

ప్లాటు చెడ్డదని నేననను. విమానాశ్రయం పక్కన రేటు పెరగొచ్చు కూడా. కానీ పాపకి సీటు వచ్చిన వారంలో ఆ ప్లాటు కొనేవాడు దొరుకుతాడా? నా భయమంతా అక్కడే.

మీ చిన్నాన్న సంగతి నీకు పైపైన తెలుసు, పూర్తిగా చెబుతాను. కవిటి దగ్గర కొబ్బరి తోట తప్ప ఆయనకి ఇంకో లోకం లేదు. నాలుగు డబ్బులు మిగిలితే ఇంకో పది మొక్కలు, ఇంకాస్త మిగిలితే పక్కవాడి జీడి తోటలో అర ఎకరం. ఆర్‌డీ కట్టు తమ్ముడూ, నెలకి వెయ్యి చాలు అని నేను ఎన్నిసార్లు అడిగానో. "అక్కా, తోటే నా పిల్లల చదువు, ఇంటరయ్యాక ఒక ముక్క అమ్మేస్తే సరిపోతుంది" అనేవాడు. తోటని చూస్తే నాకూ ఆ మాట కాదనబుద్ధయ్యేది కాదు, అంత పచ్చగా ఉండేది.

2018 అక్టోబర్‌లో తిత్లీ తుఫాను వచ్చింది. ఆ రాత్రి గాలి చప్పుడు ఉద్దానంలో ఎవరూ మర్చిపోలేరు. తెల్లారి తోటలోకి వెళ్తే ఆకాశం మొత్తం కనిపించింది, అంతకు ముందు ఆ తోటలో నిలబడి ఎప్పుడూ అంత ఆకాశం చూడలేదు. కొబ్బరి చెట్లు వేళ్లతో సహా పడిపోయాయి, జీడి చెట్లు మొదలుకంటా విరిగాయి. మళ్లీ మొక్క నాటితే కాపుకి రావడానికి ఏళ్లు పడుతుంది. మీ చెల్లి, అదే ఆయన కూతురు, అప్పుడు ఇంటర్ రెండో సంవత్సరం. తర్వాతి ఏడాది విశాఖపట్నంలో ఇంజనీరింగ్ సీటొచ్చింది, కౌన్సెలింగ్ తేదీ దగ్గరపడింది. పడిపోయిన తోటని కొనేదెవరు? వచ్చిన ఒకరిద్దరూ సగం ధర కూడా అనలేదు. ప్రభుత్వం ఇచ్చే ఫీజు రీయింబర్స్‌మెంట్ ఉంది కదా అన్నారు చుట్టాలు. అది వచ్చేది ఎప్పుడో, హాస్టల్ డబ్బు కట్టాల్సింది ఇప్పుడు. ఆడపిల్లే కదా, ఊళ్లో డిగ్రీ చదివిస్తే చాలన్నవాళ్లూ ఉన్నారు. ఆ మాట విన్నప్పుడు నాకు కడుపులో దేవినట్టయింది. ఇంట్లో డబ్బుకి కటకటలాడితే ముందు ఆగేది ఆడపిల్ల చదువే, నా కాలంలోనూ అంతే.

మీ చిన్నాన్న చదువు ఆపలేదు, అందుకు ఆయనకి దండం పెట్టాలి. కానీ బ్యాంకులో ఎడ్యుకేషన్ లోన్ అడగడానికి నామోషీ పడి, ఊళ్లో నూటికి మూడు రూపాయల వడ్డీకి రెండు లక్షలు తెచ్చాడు. లెక్క వెయ్యి: నెలకి 6,000 వడ్డీ, ఏడాదికి 72,000, నాలుగేళ్లకి 2,88,000. అసలు రెండు లక్షలూ అలాగే ఉంది. పిల్ల ఉద్యోగంలో చేరాక ఆ అప్పు తనే తీరుస్తోంది. సంక్రాంతికి ఇంటికి రావాలన్నా ఛార్జీలు చూసుకుని వస్తోంది. తోట మీద ప్రేమ తప్పని నేనెప్పుడూ అనలేదు. పలానా నెలలో కావాల్సిన డబ్బుని పలానా నెలలో చేతికి రాని చోట పెట్టడమే తప్పు. నువ్వు కొనబోయే ప్లాటూ అలాంటి చోటే, పైగా నువ్వు అప్పు చేసి కొంటున్నావు.

అందుకని ముందు పాప పేరున సుకన్య సమృద్ధి ఖాతా తెరువు. పదేళ్లలోపు ఆడపిల్లలకి పోస్టాఫీసులో తెరుస్తారు, ఏడాదికి 250 నుంచి లక్షన్నర దాకా కట్టొచ్చు, 15 ఏళ్లు కట్టాలి. 2024 జనవరి నుంచి 8.2 శాతం ఇస్తున్నారు. మూడు నెలలకోసారి ప్రభుత్వం ఈ వడ్డీని మళ్లీ చూస్తుంది, మారొచ్చు. ఇలాగే ఉంటే నెలకి 3,000 చొప్పున నువ్వు కట్టేది 5,40,000, పాపకి 18 ఏళ్లొచ్చేసరికి పది లక్షల దాకా అవుతుంది. నెలలో 5వ తేదీ లోపు కట్టు, దాటితే ఆ నెల వడ్డీ కట్టిన డబ్బుకి రాదు.

కానీ ఒక సంగతి ఎవరూ సరిగ్గా చెప్పరు, జాగ్రత్తగా విను. చదువుకని అందులోంచి తీసుకోగలిగేది అంతకు ముందు ఆర్థిక సంవత్సరం చివర ఉన్న నిల్వలో సగం మాత్రమే, అదీ పాప పదో తరగతి పాసయ్యాకో 18 నిండాకో. మిగతాది ఖాతా తెరిచిన 21 ఏళ్లకి. అంటే నువ్వు ఈ ఏడాది తెరిస్తే పాపకి 24 వస్తాయి, అప్పటికి ఇంజనీరింగ్ అయిపోతుంది. సుకన్య ఒక్కదాన్నే నమ్ముకుని కూర్చోకు.

రెండోది నీ పేరున పీపీఎఫ్, అంటే పబ్లిక్ ప్రావిడెంట్ ఫండ్ ఖాతా. వడ్డీ 7.1 శాతమే, కానీ 15 ఏళ్లకి మొత్తం చేతికొస్తుంది. ఆ 15 ఏళ్లూ తెరిచిన ఆర్థిక సంవత్సరం చివరి నుంచి లెక్కేస్తారు, కాబట్టి మార్చి 31 లోపు తెరువు. ఏప్రిల్ అయిందంటే ఒక ఏడాది వెనక్కి పోతుంది, కౌన్సెలింగ్ మాత్రం నీ కోసం ఆగదు.

ఇంకో మాట. ఖర్చు 18 ఏళ్లకి మొదలవుతుందనుకోకు. కార్పొరేట్ కాలేజీలో ఇంటర్ చదివిస్తే అక్కడే పెద్ద దెబ్బ. దానికి పాప ఐదో తరగతిలో ఉన్నప్పుడే వేరే ఆర్‌డీ మొదలుపెట్టు, అది ఐదేళ్లకే చేతికొస్తుంది. పాప బాగా చదివితే ఎచ్చెర్లలోనే ట్రిపుల్ ఐటీ ఉంది, పదో తరగతి మార్కుల మీద సీటు, ఆరేళ్ల చదువు. అదృష్టముంటే మనకి అందుబాటులోనే ఉంటుంది.

చీటీల జోలికి పోకు. నీ పేరున టర్మ్ పాలసీ తీసుకో, నీకేమైనా అయితే ఇంట్లోవాళ్లకి డబ్బొచ్చే జీవిత బీమా అది. రేపు డబ్బు తక్కువైతే మీ చిన్నాన్నలా సిగ్గుపడకు, చదువు లోన్‌కి 4 లక్షల దాకా బ్యాంకు తాకట్టు అడగకూడదు, చదువయ్యాక ఏడాది వరకు వాయిదాలు ఉండవు.

కోప్పడ్డానని అనుకోకు నాయనా, నిన్ను చూస్తే గర్వంగా ఉండబట్టే ఇంత రాశాను. బయానా ఇంకా ఇవ్వకపోతే ఆపు. ఇచ్చేసి ఉంటే ఎంత ఇచ్చావో దాచకుండా నాకు చెప్పు. పాప బర్త్ సర్టిఫికెట్‌లో పేరు ఎక్కించారో లేదో కోడల్ని అడుగు, లేకపోతే ఈ వారంలోనే మున్సిపాలిటీకి వెళ్లి ఎక్కించండి. పోస్టాఫీసులో మొదట అడిగేది ఆ కాగితమే, దాంతోపాటు నీ ఆధార్, పాన్ కూడా పట్టుకెళ్లు.

మీ అత్త