ఇరవై ఏళ్ళుగా ఉన్న ఊళ్ళోనే దారి తప్పుతున్నాను. నా జ్ఞాపకశక్తికి ఏమైంది?

బహుశా ఏమీ కాలేదు. ఆ ఇరవై ఏళ్ళూ బండి ఎవరు నడిపారో ఒకసారి గుర్తు చేసుకోండి. వెనక సీట్లో కూర్చుని తిరిగినవాళ్ళకు ఊరు గుర్తుండదు. మా ఇంట్లో జరిగింది చూశాక ఈ మాట మీద నాకు అనుమానమే లేదు.

మాది కర్నూలు పాతబస్తీ. 2009 అక్టోబరు 2, తుంగభద్ర, హంద్రీ కలిసి ఊరి మీద పడ్డ రోజు. నీళ్ళు గడప దాటుతుండగానే కరెంటు పోయింది. అందరం మిద్దె ఎక్కేశాం. అప్పుడు నాయనకు ఇంటి పత్రాలు గుర్తొచ్చాయి. సామాన్ల గదిలో, ట్రంకు పెట్టె పైనున్న గూట్లో ఉన్నాయని అమ్మ చెబుతూనే ఉంది. ఆయన టార్చి పట్టుకుని దిగాడు. ఆ ఇల్లు కట్టించింది ఆయనే, ఏ గోడకు ఎంత రాయి పట్టిందో ఇప్పటికీ చెబుతాడు. మోకాలి లోతు నీళ్ళలో పావుగంట తడుముకుని, పడసాలలో స్తంభానికి నుదురు కొట్టించుకుని, చివరికి మా జేజి తమలపాకుల సంచి పట్టుకొచ్చాడు.

అమ్మ టార్చి కూడా తీసుకోలేదు. దిగిన రెండు నిమిషాలకే పత్రాలతో పైకొచ్చింది, వస్తూ వస్తూ జేజి కళ్ళద్దాలు కూడా తెచ్చింది. ఎట్లా కనబడిందమ్మా అంటే, "దినామూ పరక పట్టుకొని కసువు ఊడ్చేదాన్ని, నా కాళ్ళకు తెలీదా?" అంది. అదే ఇంటి ప్లాను కాగితం మీద గీయమంటే ఆమెకు చేతకాదు.

లండన్ టాక్సీ డ్రైవర్లు లైసెన్సు కోసం దాదాపు 25 వేల వీధులు బట్టీ పడతారు. వాళ్ళ మెదడులో దారులు గుర్తుపెట్టుకునే హిప్పోక్యాంపస్ అనే చోట వెనక భాగం మామూలువాళ్ళకంటే పెద్దగా ఉందని 2000లో ఒక పరిశోధన వచ్చింది. తర్వాత బస్సు డ్రైవర్లతో పోల్చి చూసినా టాక్సీవాళ్ళదే పెద్దది. ఇద్దరూ పొద్దంతా స్టీరింగు పట్టేవాళ్ళే. కానీ బస్సుకు రూటు ముందే రాసిపెట్టి ఉంటుంది. మా ఇంట్లో ఏ సామాను ఎక్కడుండాలో తేల్చేది అమ్మ. నాయన టైముకు వచ్చి కూర్చునే ప్యాసింజరు.

ఇక ఫోన్లో మ్యాపులు. మా మేనల్లుడు రాజ్‌విహార్ నుంచి కొండారెడ్డి బురుజుకు కూడా అది చూసుకునే పోతాడు. నడిచిపోయే దూరం! తల ఎత్తితే బురుజు కనబడుతుంది కదరా అంటే, ట్రాఫిక్ చూసుకోవాలంటాడు. మీరు ఒక వారం ఫోను జేబులో పెట్టి తిరగండి. తప్పిపోతే టీ బంకు దగ్గర అడగండి.

వరద తర్వాత వంటిల్లు మార్చాం. అన్నీ ఒకే రంగు తలుపులు, దేంట్లో ఏముందో తెలిసి చావదు. అమ్మ చెయ్యి ఇప్పటికీ ఉప్పు కోసం ముందు పాత గూడున్న వైపే పోతుంది. అక్కడిప్పుడు ఫ్రిజ్ ఉంది.