ట్రెయిలర్ లారీ రివర్స్ చేయడం కొత్త డ్రైవర్ ఎలా నేర్చుకోవాలి?

"40 అడుగుల కంటైనర్ ట్రెయిలర్ కొత్తగా ఎక్కాను, ముందుకు బాగానే తోలుతున్నాను, రివర్స్ మాత్రం అటూ ఇటూ పోతోంది, వెనక వాళ్ళు హారన్ కొడితే చేతులు ఆడట్లేదు" అని అడిగావు. విశాఖ పోర్టు నుంచి యార్డులకు, గోడౌన్లకు కంటైనర్లు తోలే పని నాది. నాకు పనికొచ్చిన పద్ధతే చెబుతాను తమ్ముడూ.

మామూలు లారీలో స్టీరింగ్ ఎటు తిప్పితే తోక అటే పోతుంది. ట్రెయిలర్ అలా కాదు, ముందు బండికి, అంటే ఇంజినూ క్యాబినూ ఉండే భాగానికి, దాన్ని కలిపే కింగ్ పిన్ అనే కీలు దగ్గర మడత పడుతుంది. రివర్స్‌లో స్టీరింగ్ కుడికి తిప్పితే ముందు బండి వెనక భాగం కుడికి జరిగి ట్రెయిలర్ ముక్కును అటు నెడుతుంది. అప్పుడు ట్రెయిలర్ తోక ఎడమకు పోతుంది. కంగారులో ఈ లెక్క గుర్తు రాదు కాబట్టి, స్టీరింగ్ కింది భాగం పట్టుకో. నీ చెయ్యి ఎటు జరిపితే ట్రెయిలర్ అటు వెళ్తుంది. కొన్నాళ్ళకు ఆలోచించే పని ఉండదు.

తోక తిరగడం మొదలవగానే చాలామంది అదే స్టీరింగ్ పట్టుకుని కూర్చుంటారు. అలా చేస్తే మలుపు ఇంకా ముడుచుకుపోయి క్యాబిన్ మూల కంటైనర్‌కు తగులుతుంది. తోక తిరిగిందని అద్దంలో కనపడగానే స్టీరింగ్ అవతలి వైపు తిప్పి, ముందు బండిని ట్రెయిలర్ వెంట పోనివ్వాలి. మరీ ముడుచుకుంటే ఇక రివర్స్‌లో సర్దాలని చూడకు. ఆపి, ముందుకు లాగి, నిటారు చేసుకుని మళ్ళీ రా. అందులో నామోషీ ఏమీ లేదు, పాత డ్రైవర్లూ అదే చేస్తారు.

ఇంకో సంగతి, పొడవాటి ట్రెయిలర్ ఆలస్యంగా వింటుంది. తిప్పిన వెంటనే కదలలేదని ఇంకా తిప్పేస్తే, రెండూ కలిసి ఒక్కసారే వచ్చి పడతాయి. కొంచెం తిప్పి, అది కదిలేదాకా ఆగు. యాక్సిలరేటర్ అక్కర్లేదు, సమతలం మీద రివర్స్ గేరులో బండి తనంతట తానే పాకుతుంది. మా వైపు కుర్రాళ్ళు చాలామంది ఊళ్ళో ట్రాక్టరు ట్రక్కుతో రివర్స్ నేర్చుకుని వస్తారు. రెండు చక్రాల ట్రక్కుకూ దీనికీ సూత్రం ఒకటే, కానీ అది పొట్టిది, చటుక్కున తిరుగుతుంది. ఆ అలవాటుతో ఇక్కడ తిప్పితే ఎక్కువైపోతుంది.

నిటారుగా వెనక్కి రావాలంటే, ఏ అద్దంలో ట్రెయిలర్ ఎక్కువ కనపడుతుందో ఆ వైపే స్టీరింగ్ కొద్దిగా తిప్పు. ముందు ఇదొక్కటే బాగా సాధన చెయ్యి.

అసలు సగం పని రివర్స్ గేరు వేయకముందే అయిపోవాలి. డాక్, అంటే సరుకు ఎక్కించి దించే గట్టు, నీ కుడిచేతి వైపు ఉండేలా దాని ముందు నుంచి నెమ్మదిగా వెళ్ళు. దాటాక బండిని ఎడమకు కోసి, చివర్లో కాస్త కుడికి సర్ది ఆపు. ట్రెయిలర్ తోక డాక్ వైపు చూస్తూ ఉంటుంది, కుడి అద్దంలో నీకు మొత్తం కనపడుతుంది. అప్పుడు తోక చివర మీదే కాదు, ట్రెయిలర్ చక్రాల మీద కూడా కన్ను పెట్టు, ట్రెయిలర్ తిరిగేది వాటి దగ్గరే. మూడు యాక్సిళ్ళ బండిని ఉన్నచోటే గిర్రున తిప్పితే టైర్లు నేలకు రాసుకుని అరిగిపోతాయి.

ఎడమ వైపు రివర్స్ మన దేశంలో గుడ్డి వైపు. తోక తిరిగాక ఎడమ అద్దంలో కంటైనర్ గోడ తప్ప ఏమీ కనపడదు, కుడి అద్దం బయటికి చూస్తుంది. చుట్టూ తిరిగి కుడి వైపు నుంచి వచ్చే దారి ఉంటే అలాగే రా. లేకపోతే క్లీనర్‌ని దించు. "రానీ రానీ" అనేది ఒక్కడే ఉండాలి, పదిమంది అరిస్తే ఎవరి మాటా వినొద్దు. ఆ ఒక్కడు అద్దంలో కనపడకపోతే వెంటనే బ్రేకు. బండి వెనక నలిగిపోయేది మన మనుషులే, ఈ విషయంలో మొహమాటం పనికిరాదు. అనుమానం వస్తే నువ్వే దిగి వెళ్ళి చూడు, పైన కరెంటు తీగలు, పక్కన డ్రైనేజీ కూడా.

హారన్ల టెన్షన్‌కు నేను చేసేది ఒకటే. నాలుగు ఇండికేటర్లూ వేసి, క్లీనర్‌తో వెనక బండ్లను ఆపించి, కిటికీ అద్దం దించుకుని నా వేగంతోనే వస్తాను. వాళ్ళ రెండు నిమిషాల కోసం నువ్వు తొందరపడక్కర్లేదు. యార్డు ఖాళీగా ఉండే వేళ సూపర్‌వైజర్‌ని అడిగి, ఖాళీ డ్రమ్ములు రెండు పెట్టుకుని వాటి మధ్యకు తెచ్చి చూడు. ముందు ఖాళీ బండితో, నిటారుగా. తర్వాత కుడి వైపు. ఎడమ వైపు జోలికి చివర్లోనే వెళ్ళు.