ఐరోపా యాప్‌లకు మారాలంటే ముందు ఏది మార్చాలి?

ప్రశ్న: ఉద్యోగం మీద ఈ మధ్యే జర్మనీ వచ్చాను. ఇక్కడి సహోద్యోగులు కొందరు గూగుల్, మెటా సేవలను వదిలి ఐరోపా సంస్థల సేవలకు మారుతున్నారు. నాకూ మారాలని ఉంది గానీ, ఇంట్లోవాళ్లంతా వాట్సాప్‌లోనే ఉన్నారు, ఇండియా బ్యాంకు ఖాతాలన్నీ జీమెయిల్‌తో ముడిపడి ఉన్నాయి. ఎక్కడ మొదలుపెట్టమంటారు?

జవాబు: మీ సహోద్యోగుల ఆలోచన వట్టి మోజు కాదు. అమెరికా 2018లో చేసిన క్లౌడ్ చట్టం ప్రకారం, అక్కడి కంపెనీ అధీనంలో ఉన్న సమాచారం ఫ్రాంక్‌ఫర్ట్ సర్వర్లలో ఉన్నప్పటికీ, అమెరికా న్యాయస్థానం వారంటు జారీ చేస్తే దానిని అప్పగించవలసి రావచ్చు. జర్మనీలోని ష్లెస్విగ్-హోల్‌స్టైన్ రాష్ట్ర ప్రభుత్వం మైక్రోసాఫ్ట్ ఆఫీసును వదిలి, ఎవరైనా ఉచితంగా వాడుకోగల లిబ్రెఆఫీసుకు మారాలని 2024లో నిర్ణయించడానికి, తన సమాచారం తన అదుపులోనే ఉండాలన్న పట్టుదల ఒక కారణం. అయితే ఆ ప్రభుత్వం తన ఉద్యోగులందరినీ మారమని ఆదేశించగలదు. మీరు ఊళ్లో ఉన్న అమ్మానాన్నలను, మేనత్తలను ఆదేశించలేరు. అందుచేత ఎవరి అనుమతీ లేకుండా మీరొక్కరే మార్చుకోగలిగిన వాటితో మొదలుపెట్టండి. అందులో మొదటిది ఈమెయిల్.

బెర్లిన్‌లో మెయిల్‌బాక్స్ డాట్ ఆర్గ్, పోస్టియో, హానోవర్‌లో టూటా, జెనీవాలో ప్రోటాన్ ఉన్నాయి. ఇక్కడి మిత్రులు ఎక్కువగా ప్రోటాన్ పేరే చెబుతారు. అది మంచి సేవే గానీ, ఇండియాతో లావాదేవీలున్న మనం ఒక విషయం గమనించాలి. ప్రోటాన్ మెయిల్‌ను దేశంలో నిరోధించే చర్యలు చేపట్టమని కర్ణాటక హైకోర్టు 2025 ఏప్రిల్‌లో కేంద్రాన్ని ఆదేశించింది. సెలవుకు ఇంటికి వెళ్లినప్పుడు బ్యాంకు పంపిన ఉత్తరం తెరుచుకోకపోతే ఏం చేస్తారన్నది ముందే ఆలోచించుకోవలసిన సంగతి. నా సలహా ఏమిటంటే, సొంత డొమైన్ పేరొకటి (ఈమెయిల్ చిరునామాలో @ గుర్తు తరువాత వచ్చే భాగం) కొనుక్కుని, దానిని అంగీకరించే సేవతో జోడించండి. మెయిల్‌బాక్స్ డాట్ ఆర్గ్ అంగీకరిస్తుంది, పోస్టియో అంగీకరించదు. అలా చేస్తే రేపు ఆ సేవ ధర పెంచినా, మూతపడినా మీ చిరునామా మారదు, వెనకున్న సంస్థ మాత్రమే మారుతుంది. డొమైన్ రుసుము గడువు దాటితే మాత్రం చిరునామా వేరొకరి చేతికి పోవచ్చు కనుక, ఏటా దానంతటదే చెల్లింపయ్యేలా పెట్టుకోండి.

చిరునామా మార్పును ఇండియా బ్యాంకులు, ఆదాయపు పన్ను పోర్టల్, భవిష్యనిధి, పాస్‌పోర్టు సేవా ఖాతాలలో ఒక్కొక్కటిగా నమోదు చేయండి. ధ్రువీకరణ సందేశాలు చాలా చోట్ల పాత చిరునామాకో, నమోదైన ఇండియా మొబైలుకో వస్తాయి కాబట్టి, ఆ పని ముగిసేదాకా రెండింటినీ బతికించే ఉంచాలి. పాత ఉత్తరాలను గూగుల్ టేకౌట్ అనే గూగుల్ సొంత సదుపాయం ద్వారా దింపుకోవచ్చు. మీ సమాచారాన్ని మీ వెంట తీసుకుపోయే హక్కును వ్యక్తిగత సమాచార రక్షణకు చేసిన ఐరోపా జీడీపీఆర్ చట్టం 20వ అధికరణం మీకు ఇస్తోంది. ఇంకొక మాట: మీరు ఎక్కడి నుంచి రాసినా, అవతలివారు జీమెయిల్‌లో చదివితే ఆ ప్రతి గూగుల్ దగ్గర ఉండనే ఉంటుంది.

ఫొటోలకు, కాగితాలకు స్టుట్‌గార్ట్‌లో పుట్టిన నెక్స్ట్‌క్లౌడ్ చాలు; గూగుల్ డ్రైవ్‌లా ఫైళ్లను ఆన్‌లైన్‌లో దాచుకునే సాఫ్ట్‌వేర్ అది. దానిని హెట్స్‌నర్ వంటి జర్మన్ సంస్థలు అద్దెకు నడిపి ఇస్తాయి. పిల్లల ఫొటోల లింకు పంపితే ఊళ్లోవాళ్లు ఏ యాప్ లేకుండా బ్రౌజర్‌లోనే చూసుకోగలరు. దారి చూసుకోవడానికి ఆర్గానిక్ మ్యాప్స్ ఇంటర్నెట్ లేకపోయినా పనిచేస్తుంది గానీ రోడ్డు మీద రద్దీ చెప్పదు.

ఇక వాట్సాప్. దానిని ఇప్పట్లో ముట్టుకోవద్దనే చెబుతాను. స్విట్జర్లాండ్ వారి సందేశాల యాప్ త్రీమాను ఫోను నంబరు ఇవ్వకుండానే వాడుకోవచ్చు, కానీ 2023 మేలో భారత ప్రభుత్వం నిరోధించిన 14 యాప్‌లలో అదీ, లండన్ కేంద్రంగా ఉన్న ఎలిమెంట్ అనే మరో సందేశాల యాప్‌ూ ఉన్నాయి. అమ్మగారి ఫోనులో వాటిని పెట్టించే ప్రయత్నం దండగ. ఐరోపా డిజిటల్ మార్కెట్ల చట్టం వల్ల ఇతర యాప్‌ల నుంచి వచ్చే సందేశాలకు వాట్సాప్ తలుపు తెరవక తప్పలేదు గానీ, ఆ వెసులుబాటు ఐరోపా వాడుకదారులకే. సిగ్నల్ అనే మరో సందేశాల యాప్‌ను ఐరోపాదని పొరబడేవారు ఉన్నారు; అది అమెరికాలోని లాభాపేక్ష లేని సంస్థది. అయినా ఇద్దరు ముగ్గురు దగ్గరివారు ఒప్పుకుంటే అందులోకి మారడం మేలే. మిగిలిన బంధువుల గుంపుల కోసం వాట్సాప్ ఉంచుకుని, ఫోనులోని పరిచయాల జాబితా మొత్తం చూసే అనుమతిని దానికి తీసివేయండి.

జీమెయిల్ ఖాతాను వెంటనే రద్దు చేయకండి. దానికి వచ్చే ఉత్తరాలను కొత్త చిరునామాకు మళ్లించి, అప్పుడప్పుడు లాగిన్ అవుతూ ఉండండి. రెండేళ్లపాటు వాడని ఖాతాలను గూగుల్ తొలగించవచ్చు. ఏడాది గడిచాక కూడా ఆ పాత చిరునామాకే వస్తున్నవి ఏవో చూస్తే, మీరు మరిచిపోయిన ఖాతాల జాబితా దొరుకుతుంది.