శాటిలైట్ ఎక్స్‌టింక్షన్, బెలూన్ కౌంట్ ఎందుకు కలవవు?

20 కి.మీ. ఎత్తున గాలిలో తేలే సన్నటి కణాల (ఏరోసోల్) విషయంలో, అంతరిక్షం నుంచి కొలిచే సేజ్-3 పరికరం ఎక్స్‌టింక్షన్‌కీ (కాంతి తగ్గుదల), బెలూన్ మీద పంపిన పాప్స్ అనే కణాల కౌంటర్ లెక్కకీ పొంతన కుదరట్లేదు, ఏది నమ్మాలని అడిగారు. ఏదో ఒకదాన్ని తప్పుపట్టేముందు రెండింటినీ ఒకే కొలతలోకి తెచ్చారా, చూడండి. సేజ్ కణాలను లెక్కపెట్టదు, సూర్యకాంతి కిలోమీటరుకి ఎంత తగ్గిందో చెబుతుంది. కణాలు ఎన్ని, ఏ సైజువి అన్నది పాప్స్ పని.

మొదట యూనిట్. 20 కి.మీ. ఎత్తున ఒత్తిడి సుమారు 55 హెక్టోపాస్కల్, ఉష్ణోగ్రత 217 కెల్విన్. అక్కడి ఘన సెంటీమీటరులో 5 కణాలుంటే, స్టాండర్డ్ కండిషన్‌కి (1013 హెక్టోపాస్కల్, 273 కెల్విన్) మార్చి రాసిన ఫైల్లో అవే దాదాపు 73గా కనిపిస్తాయి. సేజ్ విలువ అక్కడున్న గాలిది. అందుకే ఫైల్లో యూనిట్ ఏమిటో తేల్చకుండా గ్రాఫ్ గీయొద్దు.

తర్వాత సైజు. పాప్స్‌ది 405 నానోమీటర్ల లేజర్, కణం చెదరగొట్టిన కాంతిని బట్టి సైజు తేలుస్తుంది. కాలిబ్రేషన్‌కి వాడే పాలీస్టైరీన్ పూసల రిఫ్రాక్టివ్ ఇండెక్స్ (వక్రీభవన గుణకం) సుమారు 1.6, స్ట్రాటోస్ఫియర్‌లోని సల్ఫ్యూరిక్ యాసిడ్ బొట్లది 1.45కి దగ్గర. పూసల పట్టికనే వాడితే బొట్లు ఉన్నదానికన్నా చిన్నవిగా పడతాయి. 1.45తో మీ (Mie) సిద్ధాంతం లెక్క, అంటే గుండ్రటి కణం కాంతిని ఎంత చెదరగొడుతుందో చెప్పే లెక్క, వేసి బిన్ (సైజు తరగతి) హద్దులు మార్చాలి.

అసలు చిక్కు పెద్ద కణాలతో. 0.5 మైక్రాన్ దాటినవి ఘన సెంటీమీటరుకి 0.01 ఉన్నాయనుకోండి. సెకనుకి 3 ఘన సెంటీమీటర్ల ఫ్లోలో ఒక కణం పట్టుబడటానికి 33 సెకన్లు కావాలి. బెలూన్ సెకనుకి 5 మీటర్లు లేస్తే ఒక కిలోమీటరు మొత్తానికి దొరికేవి 6 కణాలు, అంటే లెక్కలోనే 40 శాతం అనిశ్చితి. ఎక్స్‌టింక్షన్‌లో వీటి వాటా వాటి సంఖ్యకి మించి ఉంటుంది కాబట్టి కనీసం కిలోమీటరు సగటు తీసుకోండి. సేజ్ నిలువు రిజల్యూషన్ కూడా దాదాపు అంతే.

ఇవి సరిచేశాక సైజు పంపిణీ నుంచి 1022 నానోమీటర్ల తరంగదైర్ఘ్యం దగ్గర ఎక్స్‌టింక్షన్ లెక్కించి సేజ్ విలువతో పోల్చండి. నేనైతే సేజ్ 521 నానోమీటర్ల ఛానల్‌తో మొదలుపెట్టను. ఓజోన్ శోషణ అక్కడ బాగా పడుతుంది, దాన్ని తీసేయడంలో మిగిలిన లోపం ఏరోసోల్‌గా తేలుతుంది. పైగా పాప్స్‌కి కనిపించని 140 నానోమీటర్ల లోపు కణాల వాటా 1022 దగ్గర చాలా తక్కువ.

అప్పటికీ కలవకపోతే గాలి ఒకటేనా, చూడండి. సేజ్ కిరణం ఒక కిలోమీటరు మందం పొరలో దాదాపు 225 కి.మీ. అడ్డంగా నడుస్తుంది, బెలూన్ చూసేది సన్నటి దారం లాంటి గాలిని. పొగ, అగ్నిపర్వత పొరలు ముక్కలుగా ఉన్న వారాల్లో ఈ తేడా తప్పదు. ట్రోపోపాజ్ (స్ట్రాటోస్ఫియర్ అడుగు హద్దు) దగ్గరి విలువల్లో పలుచని సిర్రస్ మేఘం కూడా కలుస్తుంది, దాన్ని వేరుచేయాలి.

విమానం డేటా అయితే ఇన్‌లెట్ (గాలిని లోపలికి తీసుకునే గొట్టం) వేడి కూడా లెక్కలోకి తీసుకోండి. సెకనుకి 200 మీటర్ల వేగంలో ఆగిన గాలి 20 డిగ్రీల దాకా వేడెక్కుతుంది, బొట్లలో నీరు ఆవిరై సైజు తగ్గుతుంది. ఓఎంపీఎస్ లింబ్ అనే మరో ఉపగ్రహ పరికరంతో పోల్చేవాళ్లకి ఇంకో జాగ్రత్త: అది కణాల సైజుని ముందే ఊహించుకుని ఎక్స్‌టింక్షన్ తీస్తుంది. బెలూన్ కొలిచిన సైజు ఆ ఊహకి దూరంగా ఉంటే, తేడాకి మొదటి అనుమానం అక్కడే పెట్టుకోండి.