మబ్బు రోజుల్లో గైడింగ్ సాధన: మేనల్లుడికి ఒక లేఖ

విజయనగరం

చిరంజీవికి మామయ్య ఆశీస్సులు.

టెలిస్కోపును మోసి నక్షత్రాల వెంట తిప్పే కొత్త మౌంట్ వచ్చిందని, అది వచ్చిన నాటి నుంచి శ్రీకాకుళంలో మబ్బు విడవడం లేదని రాశావు. దసరా దాటే వరకు మన ఆకాశాన్ని నమ్ముకోలేము కనుక, అంత బరువును రోజూ మేడ మీదికి మోయడం మాని, ల్యాప్‌టాప్ ముందు కూర్చుని గైడింగ్ నేర్చుకో, అంటే ఫొటో తీసేంతసేపూ ఒక నక్షత్రాన్ని కెమెరాతో గమనిస్తూ, అది పక్కకు జరిగినప్పుడల్లా మౌంట్‌ను దిద్దడం. పీహెచ్‌డీ2 అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లోనే అందుకు కావలసిన సిమ్యులేటర్ (అసలు పరికరాలు లేకుండా వాటిని అనుకరించేది) ఉంది. కెమెరా దగ్గర సిమ్యులేటర్‌ను, మౌంట్ దగ్గర ఆన్-కెమెరాను ఎంచుకుంటే కల్పిత నక్షత్రాలు తెర మీదికి వస్తాయి. ముందుగా దీనికోసం వేరే ప్రొఫైల్ తెరుచుకో. లేకపోతే రేపు అసలు మౌంట్‌కు చేసుకొనే సెట్టింగులు, ఈ సాధనలోని సెట్టింగులు కలగాపులగం అవుతాయి.

సిమ్యులేటర్‌లో దోషం అర ఆర్క్‌సెకనుకు (డిగ్రీలో అరవయ్యో వంతు ఆర్క్‌నిమిషం, అందులో అరవయ్యో వంతు ఆర్క్‌సెకను) తగ్గిందని సంబరపడవద్దు. అక్కడి మౌంట్ లోపాలన్నీ మనం అంకెలుగా ఇచ్చినవే కనుక, అక్కడ కుదిరిన సెట్టింగులు నీ మౌంట్‌కు కుదురుతాయన్న హామీ ఏమీ లేదు. దాని ఉపయోగం వేరు. లోపం ఏమిటో ముందే తెలిసి ఉండగా, అది గ్రాఫ్ మీద ఏ రూపంలో కనబడుతుందో కళ్లకు అలవాటు చేసుకోవడానికి అది పనికివస్తుంది.

ఈ సంగతి నాకు ఆలస్యంగా తెలిసింది. కొన్నేళ్ల క్రితం, సంక్రాంతి వెళ్లిన వారం, సరంజామా అంతా కళింగపట్నం తీరానికి మోసుకుపోయాను. గ్రాఫ్ మీద డెక్ గీత (డెక్లినేషన్, అంటే ఆకాశంలో ఉత్తర-దక్షిణ దిశలో నక్షత్రం కదలిక) మధ్యరేఖకు ఒక పక్కనే ఉండిపోయింది. దిద్దుబాటు పల్సులు (మౌంట్ మోటారుకు వెళ్లే చిన్న ఆజ్ఞలు) వరుసగా ఆరేడు వెళ్లినా నక్షత్రం కదలలేదు. ఆ తరువాత ఒక్కసారిగా అవతలి పక్కకు దూకి, అక్కడ మళ్లీ బిగుసుకుపోయింది. పల్సు బలం చాలడం లేదేమో అనుకొని నేను తీవ్రతను (కనబడిన దోషంలో ఎంత భాగాన్ని ఒకేసారి దిద్దాలో చెప్పే సెట్టింగును) పెంచుతూ పోయాను, అది ఇంకా దూరం దూకుతూ పోయింది. తెల్లవారి చూస్తే ఫొటోల్లో ప్రతి నక్షత్రమూ బియ్యపుగింజలా సాగి ఉంది. ఇంటికి వచ్చి, సిమ్యులేటర్ సెట్టింగులలో డెక్ బ్యాక్‌లాష్ అంకెను పెంచేసరికి ఆ రాత్రి చూసిన గీతే తెర మీద ప్రత్యక్షమైంది. గేరు పళ్ల మధ్య సందు ఉన్నప్పుడు, దిశ మారిన ప్రతిసారీ మోటారు ఆ సందును దాటే వరకు నక్షత్రం కదలదు. అటువంటప్పుడు డెక్‌ను రెండు వైపులా దిద్దడం మాని, జరుగుబాటుకు (నక్షత్రం మెల్లగా ఒకే పక్కకు జరిగిపోయే డ్రిఫ్ట్‌కు) ఎదురు దిశలో మాత్రమే దిద్దమని చెప్పాలి. ఈ మార్పు కూడా అక్కడే చేసి చూడు, గీత ఎంత నెమ్మదిస్తుందో తెలుస్తుంది.

నీవు మొదట లోపాలన్నిటినీ సున్నా చేసి, కాలిబ్రేషన్ (ఏ పల్సుకు నక్షత్రం ఎటు, ఎంత కదులుతుందో సాఫ్ట్‌వేర్ కొలుచుకోవడం) ముగించి, తరువాత ఒక్కొక్క లోపాన్నే చేర్చు; రెండు కలిపితే ఏది దేని వల్ల వచ్చిందో తెలియదు. డెక్ డ్రిఫ్ట్‌ను నిమిషానికి 5 ఆర్క్‌సెకన్లుగా పెట్టు. పోలార్ అలైన్‌మెంట్ (మౌంట్ అక్షాన్ని ఖగోళ ధ్రువానికి గురిపెట్టడం) 20 ఆర్క్‌నిమిషాలు తప్పిన మౌంట్‌కు వచ్చే గరిష్ఠ జరుగుబాటు ఇంచుమించు అంతే. పీరియాడిక్ ఎర్రర్‌ను (వార్మ్ అనే మరగేరు ఒక్కొక్క చుట్టుకూ తిరిగివచ్చే దోషాన్ని) గుర్తుపట్టడం తేలిక: 180 పళ్ల వార్మ్ చక్రం ఉన్న మౌంట్‌లో ఆర్ఏ (తూర్పు-పడమర దిశ) అల దాదాపు 479 సెకన్లకు ఒకసారి తిరిగి వస్తుంది.

ఎక్కువ రోజులు సీయింగ్ (గాలిపొరల కదలిక వల్ల నక్షత్రం చెదరడం) మీద గడుపు, ఎందుకంటే కొత్తవారు ఎక్కువగా మోసపోయేది ఇక్కడే. సీయింగ్‌ను బాగా చెడగొట్టి, ఎక్స్‌పోజర్ అర సెకను, తీవ్రత నూటికి నూరు పెట్టి పది నిమిషాలు చూడు. గాలి కదిలించిన నక్షత్రాన్ని మౌంట్ వెంటాడుతూ ఉంటుంది. అది చేరేసరికి నక్షత్రం వేరొక చోట ఉంటుంది. తరువాత ఎక్స్‌పోజర్‌ను 3 సెకన్లకు పెంచి, తీవ్రతను తగ్గించి, చిన్న కదలికలను పట్టించుకోకుండా మినిమమ్ మూవ్‌ను కొంచెం ఎక్కువ చేయి. మౌంట్ పని తగ్గేకొద్దీ గీత చదునవుతుంది. ఇది చూసిన తరువాత నీకు తీవ్రతను పెంచాలన్న ఆత్రం దానంతట అదే తగ్గుతుంది. నాకు తగ్గడానికి మాత్రం రెండు చలికాలాలు పట్టిందిలే.

కాలిబ్రేషన్‌ను అసలు ఆకాశంలో ఎక్కడ చేయాలో సిమ్యులేటర్ నేర్పదు. ఖగోళ మధ్యరేఖకు (భూమధ్యరేఖకు సరిగ్గా పైన ఆకాశంలో ఊహించే గీత), మధ్యాహ్నరేఖకు (ఉత్తరం నుంచి నడినెత్తి మీదుగా దక్షిణానికి పోయే గీత) దగ్గరగా చేయాలి. మన జిల్లాల్లో ఆ చోటు దక్షిణాన సుమారు 72 డిగ్రీల ఎత్తున ఉంటుంది. ధ్రువ నక్షత్రం దగ్గర చేయకు, అక్కడ ఆర్ఏ పల్సులకు నక్షత్రం కదిలీ కదలనట్టు ఉంటుంది. అయితే పోలార్ అలైన్‌మెంట్‌కు ధ్రువుడు కనబడాలి; మనకు అతడు 18 డిగ్రీల ఎత్తులోనే ఉంటాడు కనుక, ఉత్తరాన కొబ్బరిచెట్లు అడ్డులేని చోటును పగలే చూసిపెట్టుకో. వేలాడే కేబుల్ మౌంట్‌ను పట్టి లాగడం, సముద్రపు గాలికి గొట్టం ఊగడం, లెన్సు మీద మంచు పట్టడం కూడా సిమ్యులేటర్‌లో ఉండవు.

ప్రతి లోపానికీ ఒక గ్రాఫ్‌ను సేవ్ చేసి, కింద కారణం రాసుకో. మబ్బు విడిన మొదటి రాత్రి ఫొటోల జోలికి పోకుండా, పీహెచ్‌డీ2లోని గైడింగ్ అసిస్టెంట్‌ను (దిద్దుబాట్లు ఆపి నక్షత్రం కదలికను కొలిచే సాధనాన్ని) పదహారు నిమిషాలు నడిపి, వచ్చిన గీతను నీ గ్రాఫుల పక్కన పెట్టి చూడు. ఏది దేనిని పోలి ఉందో నాకు రాసి, గైడ్ లాగ్ ఫైలును కూడా పంపించు.

ఇట్లు,
మీ మామయ్య