శ్రీలంకలో రోటరీ, లయన్స్ క్లబ్బులు ఎలా మొదలయ్యాయి? అవి నిజంగా జనానికి ఉపయోగపడ్డాయా?

శ్రీలంకలోని సేవా క్లబ్బుల చరిత్ర ఏమిటనీ, అవి డబ్బున్నవారి భోజన సమావేశాలుగానే మిగిలిపోయాయా అనీ మీరు అడిగారు. నేను కొలంబోలోని ఒక దుస్తుల ఎగుమతి సంస్థలో ఆరేళ్లు పద్దుల విభాగంలో పనిచేశాను. అందులో నాలుగేళ్లు ఒక రోటరీ క్లబ్బులో సభ్యుడిగా ఉన్నాను. భోజనాల మాట అబద్ధం కాదు. అయితే ఆ దేశంలో ఈ క్లబ్బులు చేసిన అతి పెద్ద పని ఆ భోజనాల దగ్గర కలిసిన పరిచయాల వల్లనే సాధ్యమైందని నా అభిప్రాయం.

1905లో షికాగోలో పాల్ హారిస్ అనే న్యాయవాది ప్రారంభించిన రోటరీ మన ఉపఖండంలో ముందుగా కలకత్తాలో అడుగుపెట్టింది. ఆ తరువాత 1928లో కెనడా నుంచి జేమ్స్ డేవిడ్సన్ అనే ఆయన, క్లబ్బులు స్థాపించడమే పనిగా పెట్టుకుని, ఇస్తాంబుల్ మొదలుకొని తూర్పు దేశాలన్నీ చుట్టివచ్చారు. మద్రాసు, కొలంబో క్లబ్బులు రెండూ 1929లో ఆ యాత్రలో పుట్టినవే కాబట్టి వాటిని తోబుట్టువులనవచ్చు. ఒక్కో వృత్తి నుంచి ఒక్కరినే చేర్చుకోవాలన్నది అప్పటి నియమం. తేయాకు తోటలు, బ్యాంకులు, ఓడల వ్యాపారం ఎక్కువగా ఆంగ్లేయుల చేతుల్లో ఉన్న వలస రాజ్యంలో ఆ నియమం ఎవరిని లోపలికి రానిచ్చి ఎవరిని గుమ్మం బయట నిలబెట్టి ఉంటుందో ఊహించడం కష్టం కాదు. స్త్రీలకైతే ప్రపంచమంతటా తలుపులు మూసే ఉన్నాయి. లయన్స్ 1987లోనూ, రోటరీ 1989లోనూ వాటిని తెరిచాయి. లంక స్త్రీలు మాత్రం అంతవరకు ఆగలేదు. కెనడా నుంచి వచ్చి అక్కడే స్థిరపడిన వైద్యురాలు మేరీ రత్నం 1930 ప్రాంతంలోనే లంకా మహిళా సమితిని స్థాపించి, పల్లెటూళ్లలో ఆరోగ్యం, పారిశుద్ధ్యం వంటి పనులు చేపట్టారు.

ఈ క్లబ్బులు రాకముందు అక్కడ పరస్పర సహాయమే లేదనుకుంటే పొరపాటు. సింహళ పల్లెల్లో మరణాధార సమితి అనే సంఘం ఉంటుంది. సభ్యులు నెలనెలా కొద్ది సొమ్ము చెల్లిస్తారు. ఎవరింట్లోనైనా చావు జరిగితే పందిరి, కుర్చీలు, వంట, ఖర్చుల డబ్బు అన్నీ సంఘమే చూసుకుంటుంది. 1958లో కొలంబోలోని నలందా కళాశాల ఉపాధ్యాయుడు ఆరియరత్న తన విద్యార్థులను కనతొలువ అనే వెనుకబడిన గ్రామానికి తీసుకువెళ్లి మొదలుపెట్టిన సర్వోదయ శ్రమదాన ఉద్యమం కూడా ఈ నేల మీద మొలిచినదే. శ్రమదానం అన్న మాట సింహళంలోనూ మన తెలుగులోనూ ఒక్కటే కావడం నాకు మొదట్లో వింతగా ఉండేది.

ఇక అసలు విషయానికి వస్తే, అంతర్యుద్ధం సాగుతున్న 1990ల్లో దేశమంతటా ఒకే రోజు పిల్లలకు పోలియో చుక్కలు వేయవలసి వచ్చింది. దేశంలో చివరి పోలియో కేసు 1993లో నమోదైంది గానీ, ఉత్తరాది పిల్లలను వదిలేస్తే ఆ ఫలితం నిలిచేది కాదు. ప్రభుత్వం మాట ఉత్తరాదిలో దానితో పోరాడుతున్న తమిళ పులులు (ఎల్‌టీటీఈ) నమ్మరు, పులుల మాట ప్రభుత్వం నమ్మదు. ఆ స్థితిలో యూనిసెఫ్‌తో పాటు రోటరీ మధ్యలో నిలబడి, చుక్కలు వేసే రోజుల్లో ఇరుపక్షాలూ కాల్పులు ఆపేలా ఒప్పించాయి. ఆ బృందానికి నాయకత్వం వహించిన కె. ఆర్. రవీంద్రన్ అచ్చుపని, ప్యాకేజింగ్ వ్యాపారి. పోలియో ఆయన తల్లికే సోకిన జబ్బు. ఏ వారం ఎవరితో కలిసి భోంచేశారో, ఎవరికి ఎవరు ఎరుకో అన్న చిన్న విషయాలే అటువంటి వేళ పనికివస్తాయి. ఆయన 2015-16లో రోటరీ ప్రపంచ అధ్యక్షులయ్యారు. అంతకు ముందే 2007-08లో మహేంద్ర అమరసూరియ లయన్స్ ప్రపంచ అధ్యక్షులుగా పనిచేశారు. అంత చిన్న దేశానికి ఈ రెండు పదవులూ దక్కడం మామూలు సంగతి కాదు. 2004 సునామీలో దెబ్బతిన్న బడులను తిరిగి కట్టించడంలోనూ అక్కడి రోటరీ క్లబ్బులు గట్టిగా పనిచేశాయి.

కీర్తి ఇంత ఉన్నా, నేను కళ్లారా చూసిన ఒక లోపం చెప్పకపోతే ఈ సమాధానం సగమే అవుతుంది. మాది శ్రీకాకుళం జిల్లా కవిటి ప్రాంతం. ఉద్దానం కిడ్నీ జబ్బు గురించి మీరు వినే ఉంటారు. అనూరాధపురం వైపు మెదవచ్చియ పరిసరాల్లోని వరి రైతుల్లోనూ 1990ల నుంచి అటువంటి జబ్బే కనిపిస్తోంది; రెండు చోట్లా కారణం ఇప్పటికీ తేలలేదు. అక్కడి భూగర్భ జలంలో కాఠిన్యం, ఫ్లోరైడ్ ఎక్కువ కాబట్టి అనేక సంస్థల లాగే మా క్లబ్బు కూడా ఒక ఊళ్లో ఆర్‌ఓ ప్లాంటు పెట్టించింది. రిబ్బను కత్తిరించాము, ఫొటోలు దిగాము, బస్సెక్కి వచ్చేశాము. ఏడాది తిరగకుండానే నీటిని వడకట్టే పొర, అంటే మెంబ్రేన్, పూడుకుపోయి ప్లాంటు ఆగిపోయింది. దాన్ని మార్చే ఖర్చు ఎవరిదో మా అంచనా పత్రంలో ఎక్కడా లేదు, ఆ అంచనా వేసినవాళ్లలో నేనూ ఒకణ్ని. ఆ సంవత్సరానికి క్లబ్బులో కొత్త అధ్యక్షుడు వచ్చారు, ఆయనకు కొత్త పథకం కావలసివచ్చింది. ప్రతి ఏటా అధ్యక్షుడు మారే పద్ధతి వల్ల ఎవరూ పాతుకుపోరు గానీ, నిన్నటి పనిని పట్టించుకునే నాథుడూ ఉండడు.

చివరికి ఆ ప్లాంటును నిలబెట్టింది ఆ ఊరి మరణాధార సమితి. నెల చందాలు వసూలు చేసే అలవాటు వారికి ఎలాగూ ఉంది కనుక, లీటరుకు రూపాయి చొప్పున తీసుకుని మెంబ్రేనుకూ కరెంటుకూ విడిగా పద్దు తెరిచారు. నేను తరువాత రెండుసార్లు వెళ్లి ఆ పుస్తకం చూశాను. రాత అంతా సింహళంలో ఉండడం వల్ల నాకు అంకెలు మాత్రమే అర్థమయ్యాయి. ఆ అంకెలు తప్పు లేకుండా సరిపోయాయి.